ఏడో అంతస్తు నుంచి దిగేటప్పుడు

మెద్రానో వీధిలోని ఆ పాత ఇనప జాలీ లిఫ్టు తీసేసి, స్టీలు బీరువా లాంటి కొత్తది బిగించారని పాత స్నేహితురాలు తోతా ఫోనులో చెప్పినప్పుడు నీల్దాకు ఆ రోజంతా తిండి సహించలేదు. తెలిసిన మనిషి పోయాడని విన్నట్టే అనిపించింది.

"లిఫ్టు కోసం దిగులేమిటే, ఎనభై ఏళ్ళు వచ్చాక!" అని తోతా నవ్వింది.

నీల్దా ఫోను పెట్టేసింది. బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ లిఫ్టు ఏడో అంతస్తు నుంచి కిందికి రావడానికి సరిగ్గా ఒక నిమిషం పట్టేది. కదిలేముందు ఒకసారి దగ్గేది. ఐదో అంతస్తు దగ్గర ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన లోపలికి వచ్చేది. ఆ ఒక్క నిమిషంలో తన కాపురం ఉంటుందో ఊడుతుందో తేలకుండా పది నెలలు గడిచాయి.

అది పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం. అప్పట్లో బ్యూనస్ ఎయిర్స్‌లో పళ్ళ డాక్టరు మొహం చూడనివాళ్ళు ఉండేవారేమో గానీ, మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళనివాళ్ళు తక్కువ. నీల్దా పనిచేసే చోట పన్నెండు మంది ఆడవాళ్ళు బడిపిల్లల తెల్లకోట్లు కుట్టేవారు. మధ్యాహ్నం తినేటప్పుడు ఒకరు తమ కల చెబుతారు, ఇంకొకరు దానికి అర్థం చెబుతారు, మూడో ఆమె "మా డాక్టరైతే అలా అనడు" అని కొట్టిపారేస్తుంది. అలాంటి ఒక మధ్యాహ్నం తోతా ఒక కాగితం ముక్క మీద పెర్లా అనే డాక్టరమ్మ పేరు రాసి ఇచ్చింది. "మొగుడూ పెళ్ళాలను కలిపి కూర్చోబెట్టి చూస్తుంది. ఎక్కువ మాట్లాడదు. కానీ మాట్లాడిందంటే మూడు రోజులు నిద్ర పట్టదు."

భర్త అన్సెల్మోను ఒప్పించడం కష్టమవుతుందని నీల్దా భయపడింది. అతను వెంటనే సరేనన్నాడు. "వస్తాను. నాకు చెప్పడానికేమీ లేదు, అంతే."

అన్సెల్మో టైపు మిషన్లు బాగుచేసేవాడు. పొడుగ్గా, నెమ్మదిగా, చేతికి ఎప్పుడూ నూనె మరకతో ఉండేవాడు. ఏడేళ్ళ వయసులో స్పెయిన్ నుంచి ఓడలో వచ్చి, ఇక్కడ పినతండ్రి ఇంట్లో పెరిగాడు. నీల్దాకు ఆ బాల్యం గురించి తెలిసింది అంతే. పెళ్ళయి ముప్ఫై ఒక్క ఏళ్ళు. పిల్లలు లేరు. అతను ఎప్పుడూ చెయ్యెత్తలేదు, తాగలేదు, ఒక మాట తూలలేదు. అదే నీల్దా ఫిర్యాదు.

మొదటి గురువారం మెద్రానో వీధిలో, ఏడో అంతస్తులోని పెర్లా గదిలో మూడు కుర్చీలున్నాయి. అన్సెల్మో తలుపుకు దగ్గరగా ఉన్నదాంట్లో కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. నీల్దా ఆ యాభై నిమిషాలూ తనే మాట్లాడింది.

"ఇతను ఇంట్లో ఉన్నాడో లేడో నాకు తెలియదు, డాక్టరమ్మా. మా అమ్మ ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంటే ఇతను గడియారం బాగుచేయించుకోవాలని బయటికి వెళ్ళాడు. నేను నెల రోజులకని రొసారియోలో మా చెల్లెలి దగ్గరికి వెళ్తుంటే, రైలు కదిలేదాకా స్టేషను గడియారం ఎవరు తయారుచేశారో చెప్పాడు. త్వరగా రా అనలేదు. జాగ్రత్త అనలేదు. రోజంతా బండరాయి. నేను కోటు తొడుక్కుని పనికి బయల్దేరగానే నోరు తెరుస్తాడు. కుళాయి కారుతోందంటాడు, పక్కింటి కుక్క కథంటాడు. నేను ఆలస్యం కావాలనే చేస్తాడు."

పెర్లా తెల్లటి పొట్టి జుట్టు వెనక్కి నెట్టుకుని వింటూ ఉంది.

"అందుకే ఒక మాట ముందే చెప్తున్నాను" అంది నీల్దా. "ఫిబ్రవరిలో మీ డాక్టర్లందరూ సముద్రానికి పోతారు కదా. అప్పటిదాకా వస్తాను. జనవరి ఆఖరి గురువారం నాటికి ఏమీ మారకపోతే వెళ్ళిపోతాను."

అన్సెల్మో టోపీ అంచు సవరించుకున్నాడు.

రాత్రి ఎనిమిది దాటితే ఆ భవనం వీధి తలుపుకు తాళం పడేది. కాబట్టి ఎనిమిది యాభైకి సెషన్ అయ్యాక పెర్లా తాళంచెవి తీసుకుని వాళ్ళతో కిందికి దిగాల్సి వచ్చేది. ముగ్గురూ ఆ ఇరుకు లిఫ్టులో భుజాలు తగలకుండా నిలబడి, అంకెలు చూస్తూ దిగేవారు. డాక్టర్లకు ఆ నిమిషం ఒక తలనొప్పి. గది బయటికి వచ్చాక సెషన్ లేదు. అలాగని పక్కన నిలబడ్డ మనిషి చెవులు మూసుకోలేదు. పెర్లా పద్ధతి ఒకటే. లిఫ్టులో ఎవరేమన్నా "గురువారం చెప్పండి" అనేది. వాతావరణం గురించి అయినా సరే.

మొదటి గురువారమే, లిఫ్టు దగ్గి కదలగానే అన్సెల్మో అన్నాడు: "ఓడలో మా ఎదురుగా రెండు బెంచీలుండేవి."

నీల్దా ఉలిక్కిపడి అతని వైపు తిరిగింది. యాభై నిమిషాల్లో అతను పలికిన మొదటి మాట అది.

"గురువారం చెప్పండి" అంది పెర్లా.

తర్వాతి గురువారం అడిగితే "ఏ బెంచీలు? గుర్తులేదు" అన్నాడు. లిఫ్టులో మళ్ళీ: "ఒక బెంచీ మీద నా కోటు పరిచాను. ఎవరూ కూర్చోకుండా."

ఇదే వరస. గదిలో మౌనం, లిఫ్టులో ఒక ముక్క. "రేవులో సముద్రపు కొంగలు చాలా అల్లరి చేసేవి." "పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆవిడ చెయ్యి తడిగా ఉండేది." ఒక్కో వారం ఒక్కో ముక్క. కింది అంతస్తు రాగానే టోపీ పెట్టుకుని నోరు మూసేవాడు. బస్సులో ఎంత గుచ్చి అడిగినా లాభం లేదు.

"ఇంట్లో ఊరికే చూసే మౌనాన్ని చూడటానికి ఇక్కడ డబ్బిస్తున్నాం" అంది నీల్దా జూలైలో ఒక రోజు. "సెషన్ లిఫ్టులోనే పెట్టండి డాక్టరమ్మా. పైకీ కిందికీ యాభై నిమిషాలు తిరుగుదాం."

అన్సెల్మో నవ్వాడు. పెర్లా కూడా. తర్వాత అతని వైపు చూస్తూ నెమ్మదిగా అడిగింది: "మీరెప్పుడూ తలుపు దగ్గరే మాట్లాడతారు. ఎవరో వెళ్ళిపోబోతున్నప్పుడే. వాళ్ళు వెళ్ళిపోతే ఏమవుతుందని?"

అతను తలుపు వైపు చూశాడు. ఆ రోజు లిఫ్టులో కూడా ఏమీ మాట్లాడలేదు.

పెర్లా నీల్దానూ వదల్లేదు. సెప్టెంబరులో ఒకసారి నీల్దా మామూలుగా ఏదో చెబుతూ, వాళ్ళమ్మ మంచం కింద ఎప్పుడూ సర్దిన పెట్టె ఒకటి ఉండేదని అంది. నాన్నతో గొడవైనప్పుడల్లా అమ్మ దాన్ని బయటికి లాగి హాల్లో పెట్టేది. నాన్న పేపరు చదువుకుంటూనే ఉండేవాడు. కాసేపటికి అమ్మే దాన్ని మళ్ళీ లోపలికి తోసేది. పిల్లలిద్దరూ తలుపు సందులోంచి చూసేవాళ్ళు.

"మీరు ఏమని కోరుకునేవారు, ఆ సందులోంచి చూస్తూ?" అని అడిగింది పెర్లా.

"నాన్న లేవాలని" అంది నీల్దా. "పేపరు పక్కన పెట్టి, ఎక్కడికే అని ఒక్క మాట అంటే చాలని."

"మీరు మొదటి రోజే ఇక్కడ పెట్టె హాల్లో పెట్టారు" అంది పెర్లా. "జనవరి ఆఖరి గురువారం అని."

తోతా చెప్పినట్టే ఆ మూడు రాత్రులూ నీల్దాకు నిద్ర పట్టలేదు. కానీ తెలిసినంత మాత్రాన కోపం పోదు. నవంబరులో వీధులన్నీ జకరందా పూలతో ఊదారంగుకు తిరిగాయి. డిసెంబరు వచ్చింది, దాంతో పాటు కరెంటు కోతలూ వచ్చాయి. ఏ పేటలో ఎప్పుడు కరెంటు తీస్తారో పేపర్లో పట్టిక వేసేవారు. అన్సెల్మో రోజూ పొద్దున్నే ఆ పట్టిక కత్తిరించి, తమ పేట వరస కింద పెన్సిలుతో గీత గీసి, ఫ్రిజ్ మీద అంటించేవాడు. ఇంట్లో అతను చేసే అతి పెద్ద ప్రసంగం అదే.

జనవరి ఆఖరి వారం వచ్చింది. ఏమీ మారలేదు. నీల్దా ఫ్లోరెస్ పేటలో ఒక విధవరాలి ఇంట్లో గది మాట్లాడుకుంది. బుధవారం తోతా, ఆమె తమ్ముడు వచ్చి నీల్దా బట్టల పెట్టె, కుట్టు మిషను తీసుకెళ్ళారు. అన్సెల్మో మిషను మెట్ల దాకా మోశాడు. మోస్తూ, దాని పెడలుకు నూనె ఎప్పుడు పెట్టాలో తోతా తమ్ముడికి వివరంగా చెప్పాడు.

"పెళ్ళాం సామాను మోస్తూ నూనె గురించి మాట్లాడేవాణ్ణి నా జన్మలో చూడలేదు" అంది తోతా కింద, నీల్దా చెవిలో.

గురువారం సెషన్‌లో నీల్దా, ఇక్కడి నుంచి తిన్నగా ఫ్లోరెస్ వెళ్తున్నానని చెప్పింది. పెర్లా అన్సెల్మోను చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూశాడు. గదిలో ఉక్కగా ఉంది. పది నెలల్లో ఎప్పుడూ లేనంత మౌనంగా ఆ యాభై నిమిషాలు గడిచాయి. ఆఖర్న పెర్లా, "మార్చి రెండో తారీకు గురువారం నేను ఇక్కడే ఉంటాను. ఇద్దరికీ" అని లేచింది.

అప్పుడు అన్సెల్మోకు దాహం వేసింది. నీళ్ళు తాగాడు. రెండో గ్లాసు అడిగాడు. పెర్లా కిటికీలో ఉన్న మొక్క పేరడిగాడు. టోపీ మర్చిపోయానని గదిలోకి వెళ్ళాడు. టోపీ చేతిలోనే ఉంది.

"పద" అంది నీల్దా పళ్ళు బిగించి. "ఇవాళ కూడా నన్ను ఆలస్యం చెయ్యాలా?"

లిఫ్టు దగ్గి కదిలింది. ఆరు. ఐదు. ఉల్లిపాయల వాసన. నీల్దా లోలోపల కాచుకుని ఉంది, ఆఖరి ముక్క కోసం. నాలుగు దాటగానే దీపం ఆరిపోయింది. లిఫ్టు ఒక్క కుదుపుతో రెండు అంతస్తుల మధ్య ఆగింది.

పైకప్పు అద్దంలోంచి వేసవి సాయంత్రపు ఆఖరి వెలుగు కాస్త మెట్ల మీద పడుతోంది. జాలీలోంచి నాలుగో అంతస్తు గుమ్మం ముగ్గురి మోకాళ్ళ ఎత్తున కనిపిస్తోంది.

"ఈ వారం మాకు పొద్దుటి పూట కదా కోత!" అంది పెర్లా. ఆమె గొంతులో మొదటిసారి మామూలు మనిషి వినిపించింది.

నీల్దా గట్టిగా కేకేసింది. కింద నుంచి ఒక టార్చి వెలుగు ఊగుతూ వచ్చింది. కాపలాదారు దోన్ బల్బీనో.

"ఎవరక్కడ? ఏడో అంతస్తు వాళ్ళా?"

"నేనే బల్బీనో, పెర్లాను. ఇద్దరున్నారు నాతో."

"వరస మారిందని పొద్దున్నే తలుపు మీద కాగితం అంటించాను డాక్టరమ్మా! అందరి మనసులూ చదువుతారు, నా కాగితం చదవరు. పేపర్లో కూడా వేశారు. పైన మిషను గదికి పోయి చేత్తో తిప్పి దించాలి. ఆ చక్రం పిడి నా బావమరిది పట్టుకుపోయాడు. తెప్పిస్తాను. అరగంట పడుతుంది, ఏమనుకోకండి."

టార్చి వెళ్ళిపోయింది. ముగ్గురూ నిలబడ్డారు.

"మాట్లాడు మరి" అంది నీల్దా. "లిఫ్టే కదా ఇది. నీకు ఇక్కడే కదా నోరు వచ్చేది. అరగంట ఉంది."

అన్సెల్మో నోరు తెరిచాడు. మూశాడు. లిఫ్టు కదలకపోయేసరికి అతని దగ్గర మాటలు లేవు.

"నీల్దా గారూ, సెషన్ అయిపోయింది..." అంటూ మొదలుపెట్టింది పెర్లా.

"అయిపోతే వెళ్ళండి డాక్టరమ్మా. ఎటు పోతారో చూస్తాను."

పెర్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని నీల్దాకు తెలిసింది. ఆ నవ్వు తనకూ అంటుకుంది. అంటుకున్న క్షణంలోనే బల్బీనో మాట ఒకటి వెనక్కి వచ్చి తగిలింది. పేపర్లో కూడా వేశారు.

ఆమె అన్సెల్మో వైపు తిరిగింది. అతని చొక్కా జేబులోకి చెయ్యి పెట్టింది. నాలుగు మడతల కాగితం దొరికింది. జాలీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పట్టుకుంది. అల్మాగ్రో పేట. రాత్రి తొమ్మిది నుంచి. కింద పెన్సిలు గీత. తమ పేట కింద కాదు, పెర్లా పేట కింద.

"నీకు తెలుసు."

"తెలుసు."

"అందుకేనా నీళ్ళు? మొక్క? టోపీ? కావాలని ఇరికించావా మమ్మల్ని?"

"అవును."

"ఎందుకురా ముసలోడా? ఎందుకు?"

అతను జాలీ కడ్డీలు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. మాట్లాడినప్పుడు వాళ్ళతో మాట్లాడలేదు, నాలుగో అంతస్తు గుమ్మంతో మాట్లాడాడు.

"ఓడ కూడా ఇలా చెడిపోతే బాగుండునని అనుకున్నాను. అప్పుడు."

నీల్దా చేతిలోని కాగితం మళ్ళీ మడిచింది.

"అమ్మ నన్ను ఓడ ఎక్కించింది. పక్కింటావిడకు నా చెయ్యి అప్పగించింది. దారిలోకి రొట్టె కొనుక్కొస్తాను, ఇక్కడే ఉండు అంది. కిందికి దిగింది. నేను రెండో బెంచీ మీద కోటు పరిచాను, ఆమె వచ్చి కూర్చుంటుందని. రేవులో రొట్టెల దుకాణం కనిపిస్తూనే ఉంది. లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు. ఓడ కూత పెట్టింది. చెడిపోవాలి, చెడిపోవాలి అనుకున్నాను. అది చక్కగా కదిలింది. ఆ కోటు నేను మూడు రోజులు తియ్యలేదు."

నీల్దా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ చేతుల నూనె మరకలు అంటిన చొక్కాలు ఉతికింది. ఆ బెంచీ గురించి ఆమెకు తెలియదు.

"ఉత్తరాలు వచ్చేవి" అన్నాడు. "రొట్టె సంగతి ఆవిడా రాయలేదు, నేనూ అడగలేదు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు పోయింది."

పెర్లా "గురువారం చెప్పండి" అనలేదు. అడిగింది: "ఆవిడ దిగుతున్నప్పుడు మీరేమన్నారు?"

"ఏమంటాను? రొట్టెకే కదా వెళ్ళింది. రొట్టెకు వెళ్ళేవాళ్ళను వెళ్ళొద్దని ఎవరంటారు?"

"నీల్దా రొట్టెకు వెళ్ళడం లేదు" అంది పెర్లా.

పైన ఎక్కడో తలుపు చప్పుడైంది. ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న శబ్దం. లిఫ్టు ఒక జానెడు దిగి ఆగింది. మళ్ళీ ఒక జానెడు. బల్బీనో చక్రం తిప్పుతున్నాడు, తిట్టుకుంటూ.

అన్సెల్మో కడ్డీలు వదిలి ఇటు తిరిగాడు. అతని మొహం నీల్దాకు సరిగ్గా కనిపించలేదు. చీకటి పడింది.

"వెళ్ళొద్దు" అన్నాడు. గొంతు అతనిది కాదన్నట్టుంది, సన్నగా. "నీల్దా, వెళ్ళొద్దు."

నీల్దా ఆ మాట కోసం తలుపు సందులోంచి చూస్తున్నప్పటి నుంచి ఎదురుచూసింది. వచ్చాక దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

జానెడు జానెడుగా దిగి వీధిలోకి వచ్చేసరికి పది కావస్తోంది. పెర్లా ఇద్దరి చెంపలూ ముద్దుపెట్టుకుని, ఇంకేమీ అనకుండా కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కింది. పేటంతా చీకటిగా ఉంది. జనం కుర్చీలు పేవ్‌మెంటు మీద వేసుకుని విసనకర్రలు ఊపుకుంటున్నారు. అన్సెల్మో ఆమె వెంట బస్సు స్టాపు దాకా నడిచాడు.

"విన్నావా నువ్వు?" అన్నాడు.

"విన్నాను."

"మరి?"

"మరి ఏముంది? ఇవాళ వెళ్తాను" అంది నీల్దా. "ఆ విధవరాలు నాకోసం అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఒక్కసారి అడిగితే ముప్ఫై ఒక్క ఏళ్ళు తీరిపోతాయా అన్సెల్మో? ఆదివారం రా. వచ్చి మళ్ళీ అడుగు."

"అదే మాటా?"

"అదే మాట. నూనె గురించి కాదు."

బస్సు వచ్చింది. అన్సెల్మో ఆమెను చెయ్యి పట్టి ఎక్కించాడు. బస్సు కదిలాక నీల్దా వెనక అద్దంలోంచి చూసింది. అతను చీకట్లో అక్కడే నిలబడ్డాడు. రాడేమోనని ఆమెకు భయం వేసింది. నేనే అన్నీ పాడుచేసుకున్నానేమో, ఇప్పుడే దిగిపోనా అనుకుంది. దిగలేదు. ఫ్లోరెస్ దాకా కమ్మీ వదలకుండా నిలబడే వెళ్ళింది, సీట్లు ఖాళీగా ఉన్నా.

మూడు రోజులు తెల్లకోట్ల మీద కుట్లన్నీ వంకరపోయాయి. మార్చిలో బడులు తెరుస్తారు, పని ఊపిరాడనివ్వడం లేదు. తోతా అన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. "ఎదురుచూడటం నీకు అలవాటు లేదు" అంది. "ఇన్నేళ్ళూ ఆయన చేసిన పని అది."

ఆదివారం అన్సెల్మో వచ్చాడు, తీపి రొట్టెల పొట్లంతో. గదిలో ఉన్న ఒకే కుర్చీ మీద కూర్చుని రెండు గంటలు ఒక బ్యాంకు టైపు మిషను గురించి మాట్లాడాడు. నీల్దా గుండె రాయైంది. అతను లేచి, టోపీ పెట్టుకుని, గుమ్మం దాటబోతూ ఆగాడు. "వెళ్ళిపోయావు కదా. రా" అన్నాడు. అని గబగబా మెట్లు దిగిపోయాడు.

రెండో ఆదివారం మాతే ఆకుల కషాయం గ్లాసు చేతిలో ఉండగానే, సగం తాగి అడిగాడు. మిగతా సగం చొక్కా మీద ఒలికింది. "వచ్చే ఆదివారం" అంది నీల్దా. అతను తల ఊపాడు. వెళ్తూ, "వచ్చే ఆదివారం వస్తాను" అన్నాడు. ఎప్పుడొస్తాడో చెప్పి వెళ్ళడం అదే మొదలు.

మూడో ఆదివారం పొద్దుటి నుంచీ వాన. నీల్దా రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్ళింది, మూడోసారి వెళ్ళనని ఒట్టు పెట్టుకుని మళ్ళీ వెళ్ళింది. తలుపు తట్టిన చప్పుడైతే పరుగున వెళ్ళి తీసింది. అన్సెల్మో ముద్దగా తడిసి ఉన్నాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి అడుగు పెట్టలేదు. చేతిలో పొట్లం ఇవ్వలేదు. వాన గురించి కూడా అనలేదు.

"నీల్దా, ఇంటికి రా" అన్నాడు. "నువ్వు లేకపోతే నాకు బాగాలేదు."

ఆమె అతని టోపీ తీసి, నీళ్ళు విదిలించి, మేకుకు తగిలించింది. కుర్చీ స్టవ్ దగ్గరికి జరిపింది.

"కూర్చో" అంది. "ముందు వేడిగా ఏదైనా తాగు. ఆ కుట్టు మిషను ఎంత బరువో నీకు తెలుసు కదా, వాన తగ్గాక మొయ్యాలి."